వేక్ టర్బులెన్స్: పెద్ద విమానం వెళ్ళిన దారిలో చిన్న విమానానికి చోటెక్కడ?

క్లుప్తంగా: గాలిలో ఉన్న ప్రతి విమానం రెక్కల కొసల నుంచి రెండు గాలి సుడులను వెనక వదిలిపెడుతుంది. వీటి అల్లకల్లోలాన్నే వేక్ టర్బులెన్స్ అంటారు. పెద్ద జెట్ వదిలిన సుడిలో పడితే రెండు, నాలుగు సీట్ల విమానం అడ్డంగా దొర్లిపోతుంది. దాన్ని ఆపే శక్తి ఆ విమానానికి ఉండదు. ఈ సుడులు కంటికి కనిపించవు గానీ అవి ఎటు కదులుతాయో, ఎంతసేపు నిలుస్తాయో చాలావరకు ముందే అంచనా వేయవచ్చు. ముందు వెళ్ళిన విమానం దారిని గుర్తుపెట్టుకుని, ఆ దారికి పైన, గాలి వచ్చే వైపున ఉండటమే అసలు రక్షణ. గాలి దాదాపు స్తంభించిన ప్రశాంతమైన వేళల్లోనే ఈ ముప్పు ఎక్కువ.

బరువు మోసే రెక్క, వెనక మిగిలే సుడి

పెద్ద విమానం వెనక గాలి అల్లకల్లోలం కావడానికి ఇంజిన్లే కారణమని చాలామంది అనుకుంటారు. ఇంజిన్ల నుంచి దూసుకొచ్చే జెట్ బ్లాస్ట్ వేరే సమస్య. అది ప్రధానంగా నేల మీద, విమానం వెనక కొంత దూరం వరకే ఉంటుంది. ఇంజిన్ జోరు తగ్గిస్తే అదీ తగ్గిపోతుంది. వేక్ టర్బులెన్స్‌కు ఇంజిన్‌తో పనిలేదు. ఇంజిన్ లేని గ్లైడర్ కూడా తన బరువుకు తగ్గ సుడిని వదులుతూనే ఎగురుతుంది.

రెక్క కింద గాలి పీడనం ఎక్కువ, పైన తక్కువ. ఈ తేడాయే విమానాన్ని పైకి మోస్తుంది. రెక్క కొస దగ్గర అడ్డు లేకపోవడంతో కింది గాలి బయటికి జరిగి పైకి చుట్టుకుంటుంది. విమానం ముందుకు సాగిపోతుంటే ఆ చుట్టు పొడవాటి గొట్టంలా వెనక మిగిలిపోతుంది. వెనక నుంచి చూస్తే ఎడమ కొస సుడి గడియారం ముల్లు దిశలో, కుడి కొస సుడి దానికి ఎదురు దిశలో తిరుగుతుంటాయి. అంటే రెండు సుడుల నడుమ గాలి బలంగా కిందికి, రెండింటి బయటి పక్కల పైకి వీస్తుంది.

సుడి బలాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా మూడు. విమానం బరువు పెరిగితే సుడి బలపడుతుంది. వేగం పెరిగితే, రెక్కల పొడవు ఎక్కువైతే బలహీనపడుతుంది. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు) దించితే సుడి ఒక్క గొట్టంగా కాక కొన్ని ముక్కలుగా పుట్టి, త్వరగా చెదిరే అవకాశం ఉంది. అందుకే నిండు బరువుతో, తక్కువ వేగంతో, ఫ్లాప్స్ లేకుండా ఎగిరే పెద్ద విమానం వెనక సుడి అన్నిటికన్నా బలంగా ఉంటుందని పైలట్లకు మొదటి నుంచీ బోధిస్తారు. విమానాశ్రయం చుట్టుపక్కల ప్రతి విమానమూ తక్కువ వేగంతోనే ఉంటుంది. చిన్న విమానాలూ పెద్ద విమానాలూ ఒకే దారిలోకి వచ్చేది కూడా అక్కడే.

ఒక విషయం ఇక్కడే గట్టిగా గుర్తుంచుకోవాలి. రెక్క బరువు మోస్తున్నంతసేపే సుడి పుడుతుంది. టేకాఫ్‌లో ముక్కు చక్రం పైకి లేచినప్పుడు మొదలవుతుంది, ల్యాండింగ్‌లో ముక్కు చక్రం నేలను తాకాక ఆగిపోతుంది. కాబట్టి ముందు వెళ్ళిన విమానం రన్‌వే మీద ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో చూసి పెట్టుకుంటే సుడి ఉన్న భాగానికీ లేని భాగానికీ మధ్య హద్దు తెలిసిపోయినట్టే.

చిన్న విమానం మీద దాని బలం ఎంత?

ఒక మామూలు లెక్క ఈ ముప్పు స్థాయిని బాగా చూపిస్తుంది. దాదాపు 64 టన్నుల బరువుతో, 34 మీటర్ల రెక్కలతో, సెకనుకు 70 మీటర్ల వేగంతో దిగుతున్న ఏ320 తరహా విమానాన్ని తీసుకుందాం. దాని సుడుల జంట మధ్య ఎడం సుమారు 27 మీటర్లు. అప్పుడే పుట్టిన సుడి కేంద్రం నుంచి 5 మీటర్ల దూరంలో గాలి సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో గుండ్రంగా తిరుగుతుంటుంది.

సెస్నా 172 రెక్కల మొత్తం పొడవు 11 మీటర్లు. అది సరిగ్గా సుడి మధ్యలోకి వెళ్తే ఒక రెక్క కొసను గాలి సెకనుకు 9 మీటర్ల చొప్పున పైకి నెడుతుంది, రెండో కొసను అంతే వేగంతో కిందికి తోస్తుంది. ఆ విమానం ల్యాండింగ్‌కు వచ్చే వేగం 65 నాట్లు, అంటే సెకనుకు 33 మీటర్లు. ఆ వేగంలో 9 మీటర్ల నిలువు గాలి తగిలితే రెక్క కొసకు గాలి తాకే కోణం దాదాపు 15 డిగ్రీలు మారుతుంది. ఇలాంటి రెక్కలు స్టాల్ అయ్యే, అంటే ఎత్తే శక్తి కోల్పోయే కోణం కూడా ఇంచుమించు అంతే. విమానం ఆ గాలితో పాటే తిరగడం మొదలుపెడితే సెకనుకు 90 డిగ్రీల పైగా దొర్లుతుంది, రెండు సెకన్లలో తలకిందులవుతుంది. ల్యాండింగ్ వేగంలో ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరగించే రెక్క పలకలు) పూర్తిగా తిప్పినా శిక్షణ విమానానికి అంత దొర్లుడును ఎదుర్కొనే సత్తా ఉండదు.

ఇదంతా తాజా సుడి లెక్క. వయసుతో పాటు దాని బలం తగ్గుతుంది. పైగా విమానం సరిగ్గా మధ్యలోకే వెళ్ళాలనీ లేదు. చాలాసార్లు సుడి అంచున ఒక కుదుపుతోనో, ఒక పక్కకు ఒరగడంతోనో బయటపడుతుంది. అయినా రెక్కల పొడవు ఇక్కడ నిర్ణాయకం. అదే సుడిలోకి మరో ఏ320 వెళ్తే దాని రెక్కలు సుడి గట్టి భాగాన్ని దాటి బయటి గాలిలోకి చాచుకుని ఉంటాయి, దొర్లకుండా పట్టు దొరుకుతుంది. చిన్న విమానం మొత్తంగా సుడి లోపలే ఇరుక్కుంటుంది.

కిందికి, ఆ తర్వాత పక్కకు

పుట్టిన చోటే సుడి ఉండిపోదు. జంటలో ఒక సుడి రెండోదాన్ని కిందికి తోస్తుంటుంది కాబట్టి రెండూ కలిసి దిగుతాయి. పై ఉదాహరణలోని విమానానికి ఆ దిగుడు సెకనుకు 1.6 మీటర్లు, అంటే నిమిషానికి ఇంచుమించు 320 అడుగులు. కాలం గడిచేకొద్దీ దిగే వేగమూ బలమూ రెండూ తగ్గుతాయి. విమానం దారికి 500 నుంచి 1,000 అడుగుల దిగువన సుడులు దాదాపు ఆగిపోతాయన్నది పైలట్లు నమ్మదగిన స్థూల అంచనా. ముందు విమానం దారికి పైన ఉండాలనే సూత్రం ఇక్కడి నుంచే వచ్చింది.

గాలిలో సహజమైన కలత ఎక్కువగా ఉంటే సుడుల జంట అలలు తేలి, ఒకదాన్నొకటి తాకి, ఉంగరాలుగా తెగి చెదిరిపోతుంది. ఈ ప్రక్రియను 1970లో గణితపరంగా వివరించిన శాస్త్రవేత్త పేరిట దీన్ని క్రో అస్థిరత అంటారు. గాలి నిలకడగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఈ చెదరడం ఆలస్యమవుతుంది. సుడి రెండు మూడు నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపే బతుకుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం గాలి కదలని వేళల్లో ఎగరడం కొత్తగా నేర్చుకునేవారికి హాయిగా అనిపిస్తుంది. విమానం చేతిలో నిశ్చలంగా ఉంటుంది. ఆ నిశ్చలతే సుడికీ ఆయువు పోస్తుంది. మిట్టమధ్యాహ్నం కుదుపుల గాలిని తిట్టుకునే పైలట్ ఈ ఒక్క విషయంలో మాత్రం సురక్షితంగా ఉంటాడు.

నేల దగ్గర కథ మారుతుంది. సుమారు 100 నుంచి 200 అడుగుల ఎత్తుకు వచ్చాక సుడులు ఇంకా దిగలేవు. అప్పుడవి ఒకదాని నుంచి ఒకటి విడిపోయి, రెండు మూడు నాట్ల వేగంతో చెరో పక్కకు జరుగుతాయి. గాలి ఏమీ లేకపోతే రెండూ రన్‌వే నుంచి బయటికి వెళ్ళిపోతాయి. బలమైన అడ్డగాలి ఉంటే రెండూ ఒకే వైపుకు కొట్టుకుపోతాయి. చిక్కంతా ఈ రెండింటి నడుమ ఉంది. అడ్డగాలి సరిగ్గా మూడు నాట్లు ఉందనుకుంటే, గాలి వచ్చే వైపు సుడి తన మూడు నాట్ల వేగంతో గాలికి ఎదురు వెళ్ళబోయి, రెండూ చెల్లుకు చెల్లై రన్‌వే మీదే నిలిచిపోతుంది. రెండో సుడి గాలి వేగాన్నీ కలుపుకుని ఆరు నాట్లతో పక్కకు పరుగెడుతుంది. నిమిషానికి అది 180 మీటర్ల పైగా జరుగుతుంది. పక్కన సమాంతర రన్‌వే ఉంటే అక్కడ దిగుతున్న విమానానికి ఆ సుడి తగలవచ్చు. రన్‌వేల మధ్య దూరం 2,500 అడుగుల కన్నా తక్కువైతే వేక్ విషయంలో రెండింటినీ ఒకే రన్‌వేగా లెక్కించే పద్ధతికి కారణం ఇదే.

వెనక నుంచి వీచే గాలిది ఇంకో తంటా. దిగుతున్న విమానం దారి ఏటవాలుగా ఉంటుంది. ఎదురుగాలి సుడిని వెనక్కి నెడితే అక్కడ ఆ ఏటవాలు దారి మరింత ఎత్తులో ఉంటుంది, కాబట్టి సుడికీ వెనక వచ్చే విమానానికీ మధ్య ఎడం పెరుగుతుంది. వెనక గాలి సుడిని ముందుకు తోస్తుంది. దిగువకు జారిన సుడి మళ్ళీ ఆ ఏటవాలు దారిలోకి, అక్కడి నుంచి చక్రాలు నేలను తాకే చోటుకు చేరుతుంది. ఈ రెండు ప్రభావాలూ కలిసేది వెనక మూల నుంచి ఏటవాలుగా వీచే సన్నని గాలిలో. ఒక సుడిని రన్‌వే మీద నిలబెట్టి, దాన్ని నేరుగా టచ్‌డౌన్ చోటుకు నెట్టే గాలి అది. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) వేలాడుతూ కొద్దిగా కదిలే ఇలాంటి సమయాన్ని చాలామంది మంచి వాతావరణంగానే లెక్కేస్తారు.

ప్రమాదాల నుంచి పుట్టిన నిబంధనలు

1972 మే 30న అమెరికాలోని ఫోర్ట్ వర్త్‌లో శిక్షణలో ఉన్న ఒక డీసీ-9 దిగుతూ, నేలకు దగ్గరగా ఉండగా దొర్లి కూలింది. అందులోని నలుగురూ మరణించారు. అదే రన్‌వే మీద అంతకుముందే ఒక డీసీ-10 టచ్ అండ్ గో చేసి, అంటే నేలను తాకి ఆగకుండా మళ్ళీ లేచి వెళ్ళింది. డీసీ-9 చిన్న విమానం కాదు, ప్రయాణికుల జెట్. జెట్‌ను సైతం జెట్ సుడి పడగొట్టగలదని ఆ ఘటన తేల్చింది.

చిన్న విమానాలు నడిపేవారికి ఇంకా ఎక్కువ పాఠం ఉన్నది 20 ఏళ్ళ తర్వాతి రెండు ప్రమాదాల్లో. 1992 డిసెంబర్ 18న మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో బోయింగ్ 757 వెనక దిగుతున్న సెస్నా సైటేషన్ కూలి 8 మంది మరణించారు. ఏడాది తిరగకుండానే 1993 డిసెంబర్ 15న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మరో 757 వెనక వెస్ట్‌విండ్ బిజినెస్ జెట్ కూలి ఐదుగురు చనిపోయారు. రెండు చోట్లా వెనక వచ్చిన విమానాలు ముందు విమానాన్ని కళ్ళతో చూస్తూ విజువల్ అప్రోచ్‌లో దిగుతున్నాయి. శాంటా ఆనాలో 757 మామూలు కన్నా నిటారుగా దిగింది. వెస్ట్‌విండ్ దానికి సుమారు రెండు నాటికల్ మైళ్ళ వెనక, దాని దారికి దిగువన వచ్చింది. సుడి దిగే చోటే వెస్ట్‌విండ్ దారి అయింది.

అప్పట్లో అమెరికాలో హెవీ, అంటే భారీ విమానాల వర్గం 3 లక్షల పౌండ్లతో మొదలయ్యేది. 757 బరువు అంతకు తక్కువ. దానివల్ల దాని వెనక అదనపు దూరం పాటించాల్సిన అవసరం కాగితం మీద లేకపోయింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1983 నుంచి 1993 వరకు లెక్క తీస్తే వేక్‌తో ముడిపడ్డ ప్రమాదాలు, ఘటనలు కనీసం 51 తేలాయి. వాటిలో 27 మంది మరణించారు. 1994లో 757 వెనక దూరాన్ని పెంచారు.

2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో కూలిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 ఘటన ఇంకో రకం. ముందు వెళ్ళిన 747 సుడిని తాకిన ఏ300ను సర్దే ప్రయత్నంలో కోపైలట్ రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడళ్ళను అటూ ఇటూ అవసరానికి మించి తొక్కడంతో నిలువు తోక విరిగిపోయింది. నేల మీది ఐదుగురితో కలిపి 265 మంది చనిపోయారు. ఆ సుడి తనంతట తాను విమానాన్ని కూల్చేటంత బలమైనది కాదు. 2017 జనవరి 7న అరేబియా సముద్రం మీద వెయ్యి అడుగుల ఎగువన ఎదురుగా దాటిపోయిన ఏ380 సుడిలో పడి ఛాలెంజర్ 604 బిజినెస్ జెట్ పలుమార్లు దొర్లింది, దాదాపు 9 వేల అడుగులు కోల్పోయింది. మస్కట్‌లో దిగిన ఆ విమానం మళ్ళీ ఎగిరే స్థితిలో లేదు. కిందికి పడటానికి అంత ఎత్తు ఉంది కాబట్టే అది దక్కింది. ల్యాండింగ్‌కు వచ్చే చిన్న విమానానికి అంత ఎత్తు ఎక్కడిది?

మైళ్ళు, నిమిషాలు

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, విమానాలను గరిష్ఠ టేకాఫ్ బరువును బట్టి విభజించింది. 7 టన్నుల వరకు లైట్, 136 టన్నులు, ఆపైన హెవీ, మధ్యలోవన్నీ మీడియం. ఏ380కు సూపర్ అనే ప్రత్యేక వర్గం ఉంది. రాడార్ సాయంతో దిగేటప్పుడు లైట్ విమానం మీడియం వెనక 5 నాటికల్ మైళ్ళు, హెవీ వెనక 6, సూపర్ వెనక 8 నాటికల్ మైళ్ళ దూరం పాటించాలి. రాడార్ లేకుండా కాలాన్ని బట్టి లెక్కిస్తే దిగేటప్పుడు మీడియం, హెవీ వెనక 3 నిమిషాలు, సూపర్ వెనక 4 నిమిషాలు. ఒకే చోటు నుంచి టేకాఫ్ అయితే మీడియం, హెవీ వెనక 2 నిమిషాలు. రన్‌వే మధ్యలోంచి ఎక్కితే 3 నిమిషాలు.

ఈ విభజనలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. మీడియం వర్గంలో 8 టన్నుల విమానమూ, 130 టన్నుల విమానమూ ఒకే గాటన పడతాయి. 757 విషాదాలు ఈ గీతల పరిమితినే బయటపెట్టాయి. బరువుతో పాటు రెక్కల పొడవునూ లెక్కలోకి తీసుకునే కొత్త విభజన 2012లో అమెరికాలోని మెంఫిస్‌లో మొదలైంది. 2020 నవంబర్ నుంచి ఐకావో నిబంధనల్లోనూ ఏడు బృందాల పద్ధతి చేరింది. దీనివల్ల రద్దీ విమానాశ్రయాల్లో పెద్ద విమానాల మధ్య దూరం తగ్గించగలిగారు. చిన్న విమానాలకు మాత్రం ఊరట తక్కువ. వాటికి దూరం అవసరమే.

మైళ్ళ లెక్క నెమ్మదైన విమానానికి అనుకూలమన్నది నిజమే. 70 నాట్లతో వచ్చే శిక్షణ విమానం 5 నాటికల్ మైళ్ళు దాటడానికి నాలుగు నిమిషాల పైనే పడుతుంది. 120 నాట్ల బిజినెస్ జెట్‌కు రెండున్నర నిమిషాలే. కానీ శిక్షణ విమానాలు ఎప్పుడూ పెద్ద విమానం వెనక వరుసలో రావు. సర్క్యూట్‌లో (విమానాశ్రయం చుట్టూ ఉండే దారిలో) తిరుగుతూ, జెట్ తమ ముందు నుంచి ఫైనల్‌లో (రన్‌వేకు నేరుగా వచ్చే చివరి దారిలో) దాటిపోగానే బేస్ లెగ్‌లోకి (ఫైనల్‌కు ముందు అడ్డంగా వచ్చే దారిలోకి) మళ్ళుతాయి. ఒక మైలు ఫైనల్‌కు ఒక నిమిషం చాలు. వరుసలో దక్కే నాలుగు నిమిషాలు సర్క్యూట్‌లో ఒకటిన్నర నిమిషానికి కుంచించుకుపోతాయి.

"ట్రాఫిక్ ఇన్ సైట్" అన్న తర్వాత

చిన్న విమానాల భద్రతలో ఎక్కువమంది పట్టించుకోని మలుపు ఇదే. హెవీ లేదా మీడియం వెనక అదే రన్‌వే మీద దిగే వీఎఫ్ఆర్ (కళ్ళతో చూస్తూ ఎగిరే నియమాల) విమానానికి వేక్ దూరాన్ని ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ) కల్పించాల్సిన పని లేదు. విజువల్ అప్రోచ్‌లో ఉన్న విమానం ముందుదాన్ని చూశానని చెప్పి, దాన్ని అనుసరించి సొంతంగా దూరం పాటించమన్న ఆదేశాన్ని తీసుకుంటే అక్కడా అంతే. కంట్రోలర్ "కాషన్, వేక్ టర్బులెన్స్" అని హెచ్చరిస్తాడు. ఆ తర్వాత దూరం ఎంత ఉంచాలి, ఏ దారిలో రావాలి అన్నది పూర్తిగా పైలట్ చేతుల్లోదే.

ఆ హెచ్చరిక రోజుకు పదిసార్లు వినబడేసరికి మామూలు మాటగా మారిపోతుంది. నిజానికి అది ఒక పని అప్పగింత. విమానం కనబడింది అంటే దాని సుడి కనబడినట్టు కాదు. ముందు విమానం చాలా దూరంలో ఉన్నట్టు అనిపించినా అది ఒక నిమిషం కిందట ఉన్న చోటే ముఖ్యం. అనుమానం ఉంటే "చూశాను" అనకుండా ఉండటం, ఇంకో చుట్టు తిరుగుతామని చెప్పడం, వేక్ కోసం అదనపు సమయం అడగడం పూర్తిగా పైలట్ హక్కు. టవర్ "క్లియర్డ్ ఫర్ టేకాఫ్" అన్నంత మాత్రాన వెంటనే కదలాలన్న నియమం లేదు. వెనక మరో విమానం ఎదురుచూస్తోందన్న మొహమాటం ఇక్కడ పెద్ద శత్రువు.

దిగేటప్పుడు

పెద్ద విమానం వెనక దిగాలంటే దాని దారికి సమానంగా కాదు, పైన రావాలి. అది చక్రాలు తాకించిన చోటును గుర్తుంచుకుని, దాన్ని దాటి దిగాలి. 3,000 మీటర్ల రన్‌వే మీద జెట్ సాధారణంగా మొదటి 300, 400 మీటర్ల ప్రాంతంలో దిగుతుంది. చిన్న విమానం 700 మీటర్ల దగ్గర దిగినా ఇంకా 2,300 మీటర్లు మిగిలే ఉంటాయి. చిన్న రన్‌వే మీద ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ ఆగడమే దారి.

దారికి పైన ఉన్నామో కింద ఉన్నామో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఫైనల్‌లో తన కళ్ళ నుంచి ముందు విమానం మీదుగా నేల దాకా ఒక గీత ఊహించుకోవాలి. ఇద్దరూ ఒకే దారిలో ఉంటే ఆ గీత టచ్‌డౌన్ చోటును తాకుతుంది. ముందు విమానం రన్‌వే అవతలి కొస మీదో, అంతకన్నా పైనో కనిపిస్తుంటే వెనక వచ్చేవారు దాని దారికి దిగువన ఉన్నట్టు లెక్క. అది రన్‌వే మొదలుకు ఇవతలి నేల మీద కనిపిస్తే పైన ఉన్నట్టు. ముందు విమానం నేల తాకక ముందే చూసుకోవాల్సిన పని ఇది.

అప్పుడే టేకాఫ్ అయిన పెద్ద విమానం వెనక దిగేటప్పుడు ఇది తిరగబడుతుంది. అది ముక్కు ఎత్తిన చోటుకు బాగా ముందే దిగి ఆగాలి. జెట్‌లు రన్‌వేలో చాలా దూరం పరుగెత్తాకే లేస్తాయి కాబట్టి ఇది అంత కష్టం కాదు. పెద్ద విమానం కిందికి వచ్చి దిగకుండా వెళ్ళిపోయినా, టచ్ అండ్ గో చేసినా రన్‌వే పొడవునా సుడి పరుచుకుని ఉంటుంది. అప్పుడు సురక్షితమైన భాగమంటూ వెతకడం వృథా. కనీసం రెండు నిమిషాలు ఆగాలి.

ఎక్కేటప్పుడు

టేకాఫ్‌లో జెట్ ముక్కు ఎత్తిన చోటుకు ముందే గాలిలోకి లేవాలన్నది అందరికీ తెలిసిన నియమం. చిన్న విమానానికి అది తేలికే. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు.

జెట్ రన్‌వే మొదలు నుంచి 1,800 మీటర్ల దగ్గర, చిన్న విమానం 500 మీటర్ల దగ్గర లేచాయని అనుకుందాం. జెట్ ప్రతి 100 మీటర్లకు 16 మీటర్లు ఎక్కుతుంది. 75 నాట్లతో నిమిషానికి 700 అడుగులు ఎక్కే చిన్న విమానం 100 మీటర్లకు 9 మీటర్లే ఎక్కగలదు. మొదట చిన్న విమానమే పైన ఉంటుంది. రన్‌వే మొదలు నుంచి సుమారు మూడున్నర కిలోమీటర్ల దగ్గర, 900 అడుగుల ఎత్తులో రెండు దారులూ కలుస్తాయి. ఆపైన చిన్న విమానం జెట్ దారికి దిగువన పడుతుంది, సుడులు దిగేదీ అక్కడికే. రెండు నిమిషాలు ఆగి బయలుదేరితే ఈలోగా సుడి 600 అడుగుల పైనే దిగి ఉంటుంది కాబట్టి కలిసే చోటు ఆరు కిలోమీటర్ల అవతలికి జరుగుతుంది. అప్పటికి సుడి కూడా బలహీనపడుతుంది. నేరుగా ఎక్కుతూ పోవడం తెలివైన పని కాదని, కలిసే చోటు రాకముందే గాలి వచ్చే వైపుకు మళ్ళాలని ఈ లెక్క చెబుతోంది. మళ్ళడానికి టవర్ అనుమతి ముందే అడిగి పెట్టుకోవాలి.

రన్‌వే మధ్యలోంచి టేకాఫ్ చేస్తే చిన్న విమానం లేచే చోటు ముందుకు జరిగి, ఉన్న కొద్ది మేలూ పోతుంది. మధ్య నుంచి వెళ్ళేవారికి రెండు బదులు మూడు నిమిషాల నిబంధన పెట్టింది అందుకే. అప్పుడే దిగిన పెద్ద విమానం వెనక ఎక్కాల్సి వస్తే అది తాకిన చోటును దాటాకే గాలిలోకి లేవాలి. అడ్డంగా దాటే రన్‌వేలుంటే రెండు దారులు ఖండించుకునే చోట పెద్ద విమానం గాలిలో ఉందా, నేల మీద ఉందా అన్నది చూసుకోవాలి.

హెలికాప్టర్లను తేలిగ్గా తీసుకోవడం తరచూ జరిగే పొరపాటు. ముందుకు ఎగిరే హెలికాప్టర్ రోటర్ కూడా రెక్కలాగే సుడుల జంటను వదులుతుంది. గాలిలో నిలిచి ఉన్నా, నేల దగ్గర నెమ్మదిగా కదులుతున్నా దాని రోటర్ నుంచి కిందికి కొట్టే గాలి చుట్టూ పరుచుకుంటుంది. రోటర్ వ్యాసానికి మూడు రెట్ల దూరంలోపు చిన్న విమానం వెళ్ళకూడదు.

చిక్కుకుంటే

సుడి తొలి సూచన చాలాసార్లు ఒక చిన్న వణుకు, లేదా కారణం లేకుండా ఒక రెక్క వాలడం. ప్రశాంతమైన గాలిలో, పెద్ద విమానం వెనక ఫైనల్‌లో ఇది తెలిస్తే సర్దుకుని దిగే ప్రయత్నం చేయకుండా వెంటనే పవర్ ఇచ్చి గో అరౌండ్ చేయాలి (దిగడం మానేసి మళ్ళీ పైకి లేవాలి), గాలి వచ్చే వైపుకు జరుగుతూ పైకి వెళ్ళాలి. విమానం దొర్లడం మొదలైతే ముందు కంట్రోల్ కాలమ్ మీద వెనక్కి లాగే ఒత్తిడి తగ్గించాలి, ఎయిలరాన్లతో రెక్కలను సమం చేయాలి, రడ్డర్‌ను సమన్వయానికి మాత్రమే వాడాలి. దొర్లుతూ ముక్కు కిందికి పడుతున్నప్పుడు కాలమ్‌ను వెనక్కి లాగాలనిపించడం సహజం. తలకిందులుగా ఉన్న విమానంలో ఆ లాగుడే నేలవైపు తోస్తుంది. సుడి గొట్టం సన్ననిది. చాలా సందర్భాల్లో కొద్ది సెకన్లలో విమానాన్ని బయటికి విసిరేస్తుంది. ఎత్తు ఉంటే ఆ సెకన్లు దొరుకుతాయి. 200 అడుగుల్లో దొరకవు.

సుడిని నేల దగ్గరే త్వరగా చెదరగొట్టే మార్గాల మీద పరిశోధన సాగుతోంది. జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ రన్‌వే మొదలుకు ముందు నేల మీద నిలువు పలకల వరుసలు నిలబెట్టి, 2019లో వియన్నా విమానాశ్రయంలో పరీక్షించింది. పలకలను తాకిన సుడిలో పుట్టే కలత దాని పొడవునా పాకి, దాన్ని తొందరగా బలహీనపరుస్తుంది. ఇది ఫైనల్ చివరి భాగానికి పనికొచ్చే ఉపాయం. టేకాఫ్ దారికి, సర్క్యూట్‌కు, మార్గమధ్యంలో పెద్ద విమానం వెళ్ళిన దారి కిందుగా దాటే సందర్భాలకు ఇది వర్తించదు. కాక్‌పిట్‌లో ఏడీఎస్-బీ (విమానాలు తమ స్థానాన్ని ప్రసారం చేసే వ్యవస్థ) తెర ఉన్నవారికి ముందు విమానం ఏ ఎత్తులో ఏ దారిన వెళ్ళిందో స్పష్టంగా తెలుస్తుంది. దాని సుడి ఇప్పుడు ఎక్కడికి దిగి ఉంటుందో, గాలి దాన్ని ఎటు జరిపి ఉంటుందో మాత్రం పైలటే లెక్క వేసుకోవాలి.